నిండు కుండ చప్పుడు

నిండు కుండ బండ మీద పడితే వచ్చే చప్పుడు వేరు, ఖాళీ కుండ పడితే వచ్చే చప్పుడు వేరు. నిండుది ధబ్బున పగిలి ఊరి గోడలకు తగులుతుంది. ఖాళీది చిటుక్కుమని పెంకులవుతుంది. తాళ్లెక్కేవాళ్ల ఇళ్లలో ఈ తేడా పిల్లలకు కూడా తెలుసు. ఈ తేడాను పట్టుకునే మా ఊరు ఒక ఏడాది ప్రాణాలు నిలబెట్టుకుంది.

మా ఊరు రాళ్లగూడెం. పానగల్ దాటి పొలాల బాట పట్టి పోతే వస్తుంది. ఊరి వెనక గుట్ట, ముందర వాగు. వాగుకూ ఊరికీ నడుమ పెద్ద పరుపు బండ. ఆ బండ నెర్రెలో ఒకే ఒక్క తాడిచెట్టు. చుట్టుపక్కల ఇంకో చెట్టు లేదు కనుక దాన్ని ఒంటితాడు అనేవాళ్లం. ఉర్దూ బడిలో మూడో తరగతితో చదువు మాని, చెట్టెక్కే మోకు భుజాన వేసుకున్నప్పటి నుంచి దాన్ని ఎక్కింది నేనే. దాని చిటారు మొవ్వులో కూర్చుంటే సడక్ మీది రజాకార్ల క్యాంపు నుంచి లారీ బయల్దేరినప్పుడు లేచే దుమ్ము కనిపించేది.

పోలీసు చర్యకు ముందటి ఏడు. వానాకాలం చివర పల్లికాయ పీకుతూ నా భార్య బిక్షమ్మ దగ్గింది. దగ్గి, కొంగు చూసుకుని, మడిచి నడుముకు దోపుకుంది.

"ఏమైందే?" అన్నాను.

"ఏం లేదు, ఆకు వక్క" అంది.

ఆమె ఆకు వక్క నమలదు.

ఆ వారమే రజాకార్లు మొదటిసారి మా ఊరికి వచ్చారు. లెవీ ధాన్యం ఎక్కడ దాచారో చెప్పమని రైతులను చావడి ముందర నిలబెట్టారు. లింగయ్య నోరు విప్పలేదు. అతని కుడిచెయ్యి బండిచక్రం కింద పెట్టించి ఎడ్లను తోలారు. అతని అరుపుకు ఎడ్లు బెదిరి ఆగాయి. వాటిని కొట్టి మళ్లీ తోలారు. మరునాడు నేను బిక్షమ్మను నల్లగొండ తీసుకుపోతే, దవాఖానలో డాక్టరు ఆమె వీపు మీద వేళ్లతో తట్టి చూసి, "క్షయ. పట్నం తీసుకపో" అన్నాడు. పట్నం బాటలో చౌటుప్పల్ దాటేలోపే మూడు చోట్ల రజాకార్ల తలాషీ. ఆ నెలలో అటు పోయిన పక్క ఊరి ఇద్దరు తిరిగి రాలేదు. బండి వెనక్కి తిప్పాను.

ఇంటికి వచ్చి మూలగదిలో మంచం వేయబోతుంటే మా అమ్మ నర్సింగమ్మ ఆపింది.

"వాకిట్ల నడుమ ఎయ్యిరా. మొగం గోడకు పెట్టి పండవెడితె రోగం లేనోళ్లు గూడ సస్తరు."

ఆ ఏడాదంతా బిక్షమ్మ మంచం వాకిలి నడుమనే ఉంది. మేము దాని చుట్టూ తిరుగుతూ బతికాం. పులుసులో ఉప్పు చాలిందో లేదో వాసన చూసి చెప్పేది. కోళ్లను తిట్టేది. కాళ్లతో పోలేదు కనుక చెవులతో ఊరంతా తిరిగేది. "సోమమ్మవ్వ బాయి కాడ కడవ జారిడిసింది" అనేది. కాసేపటికి ముసలి సోమమ్మ తడిసిన చీరతో గొణుక్కుంటూ వచ్చేది. "ఈదమ్మ పెనిమిటి చెప్పులు ఈడుస్తుండు, ఇయ్యాల తాగిండు." ఎన్నడూ తప్పలేదు. ఊళ్లో ఆడవాళ్లు ఆమె ముట్టిన చెంబు ముట్టేవాళ్లు కాదు కానీ, గోడ అవతల నిలబడి ఈ కబుర్ల కోసం మాత్రం చెవి పెట్టేవాళ్లు.

నా తమ్ముడు అంజన్నకు అప్పుడు ఇరవై రెండేళ్లు, పెళ్లి కాలేదు. ఎవరినో ఒకరిని ఏడిపించకుండా అన్నం ముద్ద మింగలేని మనిషి. "ఒదినె, నీ చెవులు నాకియ్యి, పిల్లనిచ్చేటోళ్లు యాడున్నరో ఇని చెప్త" అనేవాడు.

చలికాలంలో, రజాకార్లతో కొట్లాడే సంఘం దళం నుంచి రఘుపతి వచ్చాడు. భుజాన తుపాకీ, కాలికి కురుపు. ఒంటితాడు చుట్టూ తిరిగి చూసి, అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"యాదయ్య పొద్దున, మాపు చెట్టెక్కుతడు. దుమ్ము కనవడంగనే నిండు కుండ బండ మీద ఇడుస్తడు. గది ఇనంగనే ఎక్కడోళ్లక్కడ గుట్టకు ఉరకాలె."

"ఖాళీ కుండయితె ఏమైతది?" అని ఎవరో అడిగారు.

"ఖాళీది ఎప్పుడన్న చెయ్యి జారుతది. దినాం ఉరుకుతరా? నిండు కుండను చేతులార ఇడిసేటోడు లేడు. అందుకే నిండుది."

ఆ వారమే దళంవాళ్లు, రజాకార్ల క్యాంపుకు కబుర్లు మోసే మా ఊరి సర్కారు నౌకరు మస్కూరిని పట్టుకున్నారు. ఒంటితాడు కిందనే గొడ్డళ్లతో నరికారు. చేసిన పనికి తగిన చావే. కానీ రెండో దెబ్బకు అతను తల పైకెత్తి, చెట్టు మీద ఉన్న నన్ను చూసి, "యాదన్నా, దిగరాదే" అన్నాడు. నేను దిగలేదు. వాళ్ల పని అయ్యాకే దిగి, మోకు చుట్టుకుని ఇంటికి పోయాను. ఆ రోజు నుంచి చెట్టు మీద ఉన్నవాడికి కింద జరిగేది అంటదనుకోవడం నాకు అలవాటైంది.

ఉగాదిలోపు లారీ నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ కుండ వదిలాను. రెండుసార్లు గడ్డివాములు తగలబెట్టారు. ఒకసారి ఈదమ్మ ఇంటి పాడిబర్రెను మెడ సగం నరికి వాకిట్లోనే వదిలిపోయారు. అది మాపటిదాకా చావలేదు. మనుషులు మాత్రం ఒక్కరూ దొరకలేదు.

బిక్షమ్మను మంచంతో సహా గుట్టకు మోసేవాళ్లు. ముందు అంజన్న, వెనక అమ్మ. రాళ్ల మధ్య మంచం ఊగుతుంటే అంజన్న గొంతు మార్చి అరిచేవాడు, "తొలగుండ్రి తొలగుండ్రి, దొరసాని మేనా వస్తాంది." కింద ఇళ్లు కాలుతుంటే పైన రాళ్ల వెనక ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్లు. బిక్షమ్మ కూడా దగ్గు రాకుండా కొంగు కుక్కుకునేది. నవ్వుకూ దగ్గుకూ ఒకే కొంగు.

ఉగాది పోయాక ఆత్మకూర్ వైపు నుంచి మందుల పోచయ్య వచ్చాడు. ఆమె నాలుక, గోళ్లు చూసి ఒక్కటే మాట చెప్పాడు. "ఒంటిచెట్టు కల్లు. పొద్దున దించింది దించినట్టు, పులవక ముందే. నలభై ఒక్క దినం. నడుమ ఒక్క దినం తప్పినా మల్ల మొదటికెంచే." పక్కన ఇంకో చెట్టు వేరు తగలని చెట్టు కావాలన్నాడు. మా దగ్గర అలాంటిది ఒక్కటే ఉంది, ఒంటితాడు.

దానికి అప్పుడు మూడు గెలలు పారుతున్నాయి, మూడు కుండలు వేలాడుతున్నాయి. ఒకటి బిక్షమ్మది, తక్కినవి ఊరివి. రోజూ పొద్దున ఆమె కుండలోది నడుముకు కట్టుకున్న లొట్టిలోకి వంచుకుని దిగేవాణ్ణి. తిన్నగా మంచం దగ్గరికి తెచ్చి కంచు గిన్నెలో పోసేవాణ్ణి. అమ్మ ప్రతి రోజుకూ ఒక గవ్వ గూట్లో పెట్టేది.

పది గవ్వలయ్యేసరికి బిక్షమ్మ రెండు ముద్దలు ఎక్కువ తిన్నది. పదిహేనుకు లేచి గోడ పట్టుకుని నిలబడింది. అంజన్నకు ఇక పట్టపగ్గాలు లేవు. దూలానికి మోకు వేసి, కాడికి రెండు వైపులా తట్టలు కట్టి పెద్ద తక్కెడ చేశాడు. ఒక తట్టలో వదినను కూర్చోబెట్టాడు, రెండో తట్టలో ముంజల గెలలు వేశాడు. మూడు గెలలకు తట్ట లేచింది. వారం తర్వాత మూడు గెలల మీద ఇంకో పది కాయలు పట్టాయి.

"అమ్మా, మీ కోడలు దున్నపోతు లెక్క అయితాంది" అన్నాడు అంజన్న. "ఈసారి లారీ వస్తె ఈమెను ఇడిసిపెట్టి ఉత్త మంచం ఎత్తుకపోత. మంచానికన్న నులక మంచిగున్నది."

"పో పోరా, నీకు పిల్లనియ్యనోళ్లు తెలివిగల్లోళ్లు" అంది బిక్షమ్మ, తట్టలో ఊగుతూ ముంజ చీకుతూ.

ఆమె మెడ కింద నీళ్లు కారుతున్నాయి. మా అమ్మ నవ్వి నవ్వి గడప మీద కూలబడింది. మా ఇంట్లో అంత నవ్వు అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు.

ఇరవై ఐదో రోజున లారీ వచ్చింది. ఊరి కుండల్లో ఒకటి వదిలాను, బిక్షమ్మది దక్కించుకుని దిగాను. అందరూ బతికారు. అంతా సరిగ్గా అమరిందనుకున్నాను.

వైశాఖం ఎండలకు రెండు గెలలు ఎండిపోయాయి. ఆ రెండు కుండలూ దించి ఇంట్లో బోర్లించాను. ఒక్కటే పారుతోంది, అదీ సన్నగా. రాత్రంతా కారితే పొద్దుటికి ఒక కుండ. ఇంకో వారం పారితే గొప్ప. గూట్లో ముప్పై ఎనిమిది గవ్వలున్నాయి.

ముప్పై తొమ్మిదో రోజు పొద్దున చెట్టెక్కాను. కుండ అంచు దాకా ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని తల ఎత్తేసరికి వాగు అవతల దుమ్ము. లారీ దగ్గరికి వచ్చేసింది. ఆ రోజు దొంగబాట పట్టి వచ్చారు.

వదిలేస్తే ధబ్బుమంటుంది, అందరూ ఉరుకుతారు. వదిలేస్తే దినాలు మళ్లీ మొదటి నుంచి ఎంచాలి. మొదటి నుంచి ఎంచడానికి చెట్టులో కల్లు లేదు. ఇది ఆలోచించడానికి నాకేమీ సమయం పట్టలేదు. లొట్టి మూతి తిప్పి కుండ వంచాను. చుక్క పోకుండా వంచాను. నురగ అణగడానికి ఆగి, మళ్లీ వంచాను. లారీ వాగులోకి దిగింది. అప్పుడు ఖాళీ కుండ వదిలాను.

చిటుక్కుమంది.

ఎవరూ ఉరకలేదు. చావడి దగ్గర లింగయ్య ఎడమచేత్తో చుట్ట తాగుతున్నాడు, అలాగే తాగుతున్నాడు. మా వాకిట్లో మంచం, దాని పక్కన అంజన్న, చింతగింజంత. నేను అరిచాను. గాలి నా వెనక్కి వీస్తోంది, అరుపు వాగు వైపు పోయింది. లారీలో ఒకడు తల తిప్పాడు. నేను మట్టల మధ్య ఒదిగి నోరు మూసుకున్నాను.

ఆ తర్వాతదంతా పైనుంచి చూశాను. లింగయ్యను కూర్చున్న చోటే కాల్చారు. సోమమ్మ బావి దగ్గర నుంచి కడవతో వస్తూ ఎదురుపడింది. తుపాకీ మడమతో తల మీద కొట్టారు, కడవతో పాటే పడింది. ఇళ్లకు నిప్పు పెట్టుకుంటూ వచ్చారు. అమ్మ అప్పటికి చేనుకు పోయింది, మంచం మోయడానికి రెండో మనిషి లేదు. అంజన్న వదినను వీపున వేసుకుని పెరట్లోకి ఉరికాడు. అక్కడ మా ధాన్యం పాతర ఖాళీగా ఉంది. ఆమెను ఆ గుంతలోకి దించి, పైన బండ జరిపి, గడ్డి పరిచాడు. అక్కడే కూర్చుంటే దొరుకుతానని తెలిసి, పాతరకు దూరంగా, కావాలనే వాళ్లకు కనపడేలా బయటికి ఉరికాడు. తొడలో గుండు తగిలింది. పడి లేచాడు. రెండోది నడుములో. ఒకడు దగ్గరికి పోయి కత్తితో మెడ మీద కొట్టాడు. ఒక్క దెబ్బకు కాలేదు. మూడు కొట్టాడు.

లారీ వెళ్లిపోయాక దిగాను. లొట్టి నడుముకు నిండుగా ఉంది. ఒక్క చుక్క పోలేదు.

అమ్మ చేను నుంచి ఉరికి వచ్చి కొడుకు తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను పాతర బండ తీసి బిక్షమ్మను పైకి లాగాను. దగ్గు వినపడకుండా కొంగు గొంతు దాకా కుక్కుకుంది, కళ్లు తేలేసింది. కొంగంతా రక్తం. అమ్మ ఆమెను చూసింది, నన్ను చూసింది, నా నడుము చూసింది.

"ఏ కుండ ఏసినవ్‌రా?"

నా చెయ్యి లొట్టి మూతి మీదికి పోయింది.

అమ్మ కొడుకు తలను మెల్లగా మట్టి మీద పెట్టింది. లేచి చేతులు చీరకు తుడుచుకుంది. నా లొట్టి విప్పుకుని గిన్నెలో పోసి, కోడలి తల ఎత్తి తాగించింది. "తాగు బిడ్డా, ఇయ్యాలటిది" అంది. తర్వాత నా చెవి దగ్గర మెల్లగా అంది, "దానికి చెప్పకు. నీ తమ్ముని పానం గది. తెలిస్తె కక్కుతది."

మాపున రఘుపతి వచ్చాడు. మూడు శవాల ముందు నిలబడి అందరి ఎదుట అడిగాడు. "నిండుదే ఏసినవా యాదయ్యా?"

"నిండుదే" అన్నాను.

మంచం మీది నుంచి బిక్షమ్మ ఏడుపు అప్పుడు మొదలైంది. "నేనే అన్న, ఖాళీ కుండ అని. అంజి లేస్తుంటె నేనే కూసుండవెట్టిన. ఏదో అన్నడు, నవ్వుకుంట కూసున్నం. నా చెవులు మన్నువడ. నిండు కుండను ఖాళీది అన్న." నేను అక్కడే ఉన్నాను. ఆ మాట ఆమె నెత్తిన పడుతుంటే చూస్తూ ఉన్నాను. రఘుపతి తల వంచుకుని, "రోగం మనిషి, ఇనుట్ల తప్పు వచ్చింది" అన్నాడు. ఊరు కూడా అదే అంది.

మిగిలిన రెండు రోజులూ కల్లు దించాను. నలభై ఒక్క గవ్వలు పూర్తయ్యాయి.

భాద్రపదంలో యూనియన్ సైన్యం వచ్చింది. క్యాంపు వాళ్లు ఎటు పోయారో పోయారు. వాళ్ల గుర్రాలకు గడ్డి కోసే ముసలివాడు ఒకడు దొరికాడు. వాడు ఏనాడూ కత్తి పట్టలేదు, అందరికీ తెలుసు. నలుగురం కొట్టాం. అందరికంటే నేను ఎక్కువ కొట్టాను. మిగతా ముగ్గురు ఆగిపోయాక కూడా కొట్టాను. వాడు పొద్దుగూకే వేళకు చచ్చాడు. "తమ్ముని పగ తీర్చుకున్నడు" అని ఊళ్లో నన్ను మెచ్చుకున్నారు.

బాటలు తెరుచుకున్నాక బిక్షమ్మకు దగ్గు మళ్లీ లేచింది. పట్నం తీసుకుపోయాను. కొంతకాలానికి కొత్త సూదులు వచ్చాయి, నెలల తరబడి వేశారు. రోగం పోయింది. ఆ సూదులకు చెవుల్లో మాత్రం హోరు మిగిలింది. నేను ఒంటిచెట్టు కల్లు సంగతి చెబితే డాక్టరు నవ్వాడు. "దానితో క్షయ పోదయ్యా. కడుపు నిండ తిన్నది, పండుకున్నది, నాలుగు దినాలు తేరుకున్నట్టు కనవడ్డది. అంతే." ఆ మాట నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అమ్మ పోయేదాకా గూట్లో ఆ గవ్వలు అలాగే ఉన్నాయి.

ఇప్పుడు బండ దగ్గర మూడు పేర్లతో రాయి పాతారు. ఏటా జెండా ఎగరేసి నన్ను మాట్లాడమంటారు. చెట్టు మీది నుంచి ఊరిని కాపాడినవాణ్ణట. సంఘంలో ఒక్కనాడూ కనపడని వాళ్లంతా ఇప్పుడు ముందు వరసలో కూర్చుంటారు. నేను లేచి రెండు మాటలు చెప్పి కూర్చుంటాను. బిక్షమ్మ ఆ రాయి దగ్గరికి ఒక్కసారీ రాలేదు.

మొన్న వేసవిలో ఆమె చెవులు పూర్తిగా పోయే దాకా వచ్చాయి. రోగం పోయాక పుట్టిన మా కొడుకు నల్లగొండ తీసుకుపోయి చూపిద్దామన్నాడు. ఆమె చింతపండు గింజ తీస్తూ తల కూడా ఎత్తలేదు.

"వద్దు బిడ్డా. మనిషిని తిన్న చెవులు. పోతె పోనీ."

నలభై ఏళ్లుగా వింటున్న మాటే. ఆ రోజు ఎందుకో తట్టుకోలేకపోయాను. కొడుకు బయటికి పోయాక ఆమె పక్కన కూర్చున్నాను. మెల్లగా చెప్పాను, ఆమెకు వినపడలేదు. కొంచెం గట్టిగా చెప్పాను. "ఆఁ?" అంది. అలాంటి మాటను చివరికి ఆమె చెవికి నోరు ఆనించి అరిచి చెప్పాల్సి వచ్చింది.

"ఆనాడు నేనేసింది ఖాళీ కుండనే."

ఆమె చేతిలో చింతపండు ఆగింది. గోడ అవతల ఎవరో నడుస్తూ నిలబడిపోయారు.

"లొట్టిలకు ఒంపుకున్న. నీ కోసరమే ఒంపుకున్న" అని మళ్లీ అరిచాను.

బిక్షమ్మ ఆ చింతపండును చాటలో వేసింది.

"గట్లయితె నా చెవులు మంచిగనే ఉండె" అంది.

అంతే. ఏడవలేదు, తిట్టలేదు. చాట పక్కన పెట్టి, లేచి లోపలికి పోయింది. మాపటి దాకా బయటికి రాలేదు.

మరునాడు పొద్దున నేను బయట అరుగు మీద కూర్చున్నాను. వాకిట్లో మనవలు ఆమె చుట్టూ చేరారు. చెవులు పోతున్న మనిషి కనుక ఆమె గొంతు పెద్దది, వద్దన్నా వినపడుతుంది. అంజన్న సంగతి చెబుతోంది. తక్కెడ, ముంజల గెలలు, దొరసాని మేనా. ఇన్నేళ్లలో ఆమె నోట అతని పేరు నవ్వుతో రావడం నేను వినలేదు.

"ఆఖరి దినం గూడ నవ్వించిండు" అంది. "చెట్టు కాడ చిటుక్కుమన్నది. 'ఖాళీ కుండ, మీ అన్న చెయ్యి జారింది, నన్ను తలుసుకుంటె చేతులు వణుకుతున్నయి' అని నేనన్న. దానికి మీ చిన్నతాత ఏమన్నడో ఎరుకేనా? 'నిన్ను తలుసుకుంటెనే గింత వణికేటోడు, రజాకార్ల జూస్తె ఏం జేస్తడో' అన్నడు."

పిల్లలు విరగబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా, గట్టిగా, దగ్గు రాకుండా.

ఆ మాట నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

ఇది జరిగి మూడు నెలలు. వేళకు అన్నం పెడుతుంది, గిన్నె నా ముందుకు జరుపుతుంది. నాతో మాత్రం ఇంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు.